దేఖ్‌భాల్: మరమ్మత్‌కు ముందు చేయాల్సిన పని

మరమ్మత్ అనే మాట మన ఇళ్లలో ఎంత మామూలుదో, పక్కింటి తెలుగువాళ్ల ఇళ్లలో కూడా అంతే మామూలుది. చివర ఒక ఉకారం తగిలించుకొని తెలుగులో 'మరమ్మతు'గా స్థిరపడిపోయింది. రోడ్డుకు మరమ్మతు, చెరువు కట్టకు మరమ్మతు, బోరు మోటారుకు మరమ్మతు. కార్ఖానా, హమాలీ, తనిఖీ కూడా అట్లా వచ్చినవే. పని చేసే చేతులతో పాటు పని మాటలు కూడా వచ్చాయి.

ఒక్క మాట మాత్రం మన ఇంట్లోనే ఉండిపోయింది. దేఖ్‌భాల్. ఆ మాటను మనం పసిపిల్లల విషయంలో వాడతాం, మంచం పట్టిన దాదీ విషయంలో వాడతాం. "బహూ చాలా బాగా దేఖ్‌భాల్ చేస్తున్నది" అంటాం. మెషీన్ విషయంలో మాత్రం ఎవరూ అనరు. మెషీన్‌కు మనకు తెలిసింది మరమ్మత్ ఒక్కటే. అంటే చెడిపోయాక చేసేది. చెడకముందు చేసేదానికి మన నోట్లో మాట లేదు, మన బజెట్‌లో పైసా లేదు, మన క్యాలెండర్‌లో రోజు లేదు.

నా రోజీ ఈ రెండు మాటల మధ్యనే ఉంది. మాది నందిపేట్. ఒక పక్క గోదావరి, శ్రీరాంసాగర్ బ్యాక్‌వాటర్. మిగతా పక్కలంతా వరి, పసుపు, మక్క. నేను రైస్ మిల్లుల్లో ఎలివేటర్లు, షెల్లర్లు, పాలిషర్లు చూస్తాను. పసుపు సీజన్‌లో పాలిష్ డ్రమ్ముల బేరింగులు చూస్తాను. అంతకుముందు పదకొండేళ్లు గల్ఫ్‌లో మెయింటెనెన్స్ ఫిట్టర్‌గా చేశాను. మా జిల్లాలో గల్ఫ్‌కు పోయి రాని ఖాందాన్ ఏదో వెతకాలి. అక్కడికి పోయే మన పిల్లల్లో చాలామంది ఫిట్టర్లు, వెల్డర్లు, ఏసీ టెక్నీషియన్లు, ఎలక్ట్రీషియన్లే. అందుకే ఈ మాటలు మిల్లు సేట్ల కంటే ముందు మన ఇళ్లకు చెప్పాలనిపించింది. మెషీన్ ముందు నిలబడేది మన పిల్లలు.

నాకంటే ముందు ఈ పని చేసింది మా దాదా. బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో, నిజాం షుగర్ ఫ్యాక్టరీలో ఫిట్టర్. ఆ ఊరి పేరులోనే శక్కర్ ఉంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ జమానాలో, 1937లో ఆ ఫ్యాక్టరీ పుట్టింది. దానికి ముందే మంజీర మీద నిజాంసాగర్ కట్టారు. పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. కట్టించిన చీఫ్ ఇంజనీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. కాలువ నీళ్లు వచ్చాయి, చెరకు వచ్చింది, చెరకు వెంబడి ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని దాన్ని చెప్పుకునేవాళ్లు. ఆ మాట చెప్పేటప్పుడు దాదా ఛాతీ కొంచెం ముందుకొచ్చేది.

దాదా దగ్గర ఒక బయాజ్ ఉండేది. బయాజ్ అంటే షాయర్లు తమ గజళ్లు రాసుకునే నోట్‌బుక్. దాదా దాంట్లో ఉర్దూలో బేరింగులు రాసుకున్నాడు. ఏ రోలర్ బుష్ ఎప్పుడు మార్చింది, ఏ పంపు గ్లాండ్ కారుతున్నది, ఏ గేరు పన్ను అరిగింది, మళ్లీ ఎప్పుడు విప్పి చూడాలి. చిన్నప్పుడు నాకు అది మామూలు లెక్కల పుస్తకంలా కనిపించేది. గల్ఫ్‌లో మొదటిసారి కంప్యూటర్ తెరమీద మెయింటెనెన్స్ షెడ్యూల్ చూసినప్పుడు అదే బయాజ్ గుర్తొచ్చింది. అవే ఖానాలు, అవే తేదీలు.

చక్కెర ఫ్యాక్టరీ గురించి తెలియనివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. చెరకు వడ్ల లాంటిది కాదు. వడ్లు ఆరబోసి గోదాంలో పెడితే నెలలు ఉంటాయి. చెరకు కొట్టిన గడియ నుంచే దాంట్లో ఉన్న తీపి తగ్గడం మొదలవుతుంది, బరువు కూడా తగ్గుతుంది. ఒక రోజు లోపల గానుగలో పడితే మేలు. అందుకే సీజన్ మొదలైతే ఫ్యాక్టరీ రాత్రింబవళ్లు నడవాలి. మధ్యలో మిల్లు ఆగిందంటే గేటు బయట బండ్లు, ట్రాక్టర్లు బారులు తీరుతాయి. రైతు చెరకు ఎండలో ఎండుతుంది. ఎద్దుకు గడ్డి ఎవరు పెట్టాలి, డ్రైవర్‌కు బత్తా ఎవరివ్వాలి?

ఇంకో సంగతి కూడా ఉంది. గానుగలో నుంచి బయటికొచ్చే పిప్పినే బాయిలర్‌లో మండిస్తారు. ఆ మంటతో ఆవిరి, ఆ ఆవిరితో కరెంటు, ఆ బలంతో మళ్లీ గానుగ. ఒకటి ఇంకొకదాని రోటీ తింటుంది. గానుగ ఆగితే పిప్పి లేదు, పిప్పి లేకపోతే ఆవిరి లేదు, ఆవిరి లేకపోతే రసం ఉడకదు. ఒక చిన్న బుష్ మొత్తం ఇంటికి ఫాకా పెట్టగలదు.

అందుకే చక్కెర ఫ్యాక్టరీలో అసలు పని సీజన్ అయిపోయాక ఉంటుంది. ఎండాకాలంలో రోలర్లు విప్పుతారు. అరిగిన గాడులు మళ్లీ కోస్తారు. చెరకు నరికే కత్తులకు, దంచే సుత్తెలకు గట్టి లోహం వెల్డింగ్ పెడతారు. ఇత్తడి బుష్‌లు కొలుస్తారు. రసం మరిగించే ఎవాపరేటర్ గొట్టాల్లో గారలా పట్టిన పొరను కాస్టిక్ సోడాతో ఉడికించి, బ్రష్షుతో తోమి తీస్తారు. ఆ పొర పలుచగా ఉన్నా వేడిని లోపలికి పోనివ్వదు. బాయిలర్ గొట్టాలు శుభ్రం చేసి, నీళ్ల ఒత్తిడి పెట్టి, ఎక్కడ కారుతున్నదో చూస్తారు. బయటివాళ్లకు ఆ నెలల్లో ఫ్యాక్టరీ నిద్రపోతున్నట్టు ఉంటుంది. దాదా మాత్రం, "సీజన్‌ల మేము నడిపిస్తం అంతే. గెలుసుడు ఓడుడు ఎండకాలంలనే అయితది" అనేవాడు.

ఇప్పుడు మా రైస్ మిల్లుల సంగతికొస్తాను. ఇక్కడ ఈ లెక్క అర్థం చేయించడం చాలా కష్టం. సేటుకు మెషీన్ ఆపడమంటే నష్టం. "ఏం ఉస్తాద్, మంచిగ నడుస్తున్న మిషిన్‌ను ఎందుకు ఆపుమంటున్నవ్? ఖరాబైతే పిలుస్త కదా!" నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే. ఆ మాటలో తర్కం లేకపోలేదు. నడుస్తున్న దాన్ని ఆపితే ఈ రోజు ఇన్ని బస్తాలు తక్కువ ఆడతాయి. ఆ లెక్క కాగితం మీద కనిపిస్తుంది. ఆపడం వల్ల జరగకుండా పోయిన బ్రేక్‌డౌన్ ఏ కాగితం మీదా కనిపించదు. దేఖ్‌భాల్ సరిగ్గా జరిగితే దాని ఫలితం ఒక్కటే: ఏమీ కాకపోవడం. ఏమీ కానిదానికి తనఖా ఎందుకివ్వాలి అని ఎవరికైనా అనిపిస్తుంది. అందుకే ఖర్చు తగ్గించాలనుకున్న ప్రతి చోటా ముందు కోత పడేది దీనికే.

ఒక బేరింగ్ ఉదాహరణ తీసుకుందాం. ఎలివేటర్ పై షాఫ్టుకు ఉండే బేరింగ్ లోపలికి ఊక దుమ్ము పోతుంది. గ్రీజు ఎండిపోతుంది. ముందు సన్నగా గీరినట్టు చప్పుడొస్తుంది. పేచ్‌కస్ మొనను బేరింగ్ డొల్ల మీద పెట్టి, పిడి చెవికి ఆనించి వింటే తెలుస్తుంది. ఆ దశలో కావాల్సింది గంట సమయం, గుడ్డ, గ్రీజు. వినకపోతే వేడెక్కుతుంది. అప్పుడు కొత్త బేరింగ్ కావాలి. ఇంకా వదిలేస్తే షాఫ్ట్ అరుగుతుంది, పట్టేస్తుంది, బెల్టు తెగుతుంది, ఒక్కోసారి ఊక దుమ్ము అంటుకుంటుంది. అప్పుడు లేత్ పని, కొత్త షాఫ్ట్, రెండు మూడు రోజులు మిల్లు బంద్, హమాలీలకు పని లేదు, సర్కారు వడ్ల కస్టమ్ మిల్లింగ్ గడువు నెత్తిమీద. గోటితో పోయేదానికి గొడ్డలి అని తెలుగులో సామెత ఉంది కదా, మా ధంధా మొత్తం ఆ సామెతే.

అలాగని గ్రీజు ఎక్కువ పెడితే బేరింగ్‌కు మంచిదనుకోవద్దు. కిక్కిరిసేలా కూరితే అది తిరగడానికే కష్టపడి వేడెక్కుతుంది. పసిపిల్లకు ప్రేమ ఎక్కువై పాలు ఎక్కువ తాగించినట్టు. అందుకే దీన్ని ఊరికే దేఖ్‌భాల్ అంటే సరిపోదు, ఇంతెజామ్ కూడా కావాలి. ఇంగ్లిష్‌లో మెయింటెనెన్స్ మేనేజ్‌మెంట్ అనేది ఈ ఇంతెజామ్‌నే. ఏ మెషీన్‌కు, ఏ పని, ఎన్ని గంటలకు, ఎవరి చేతితో, ఏ సామానుతో అన్నది ముందే తేల్చిపెట్టుకోవడం.

నేను దీనికి మూడు దారులు చెబుతాను. మొదటిది, చెడిపోయాక మార్చడం. ఇది ఎప్పుడూ తప్పేమీ కాదు. గోదాంలో బల్బు మాడిపోతే మారిస్తే చాలు, ముందే మార్చాల్సిన పని లేదు. రెండోది, గడియారం చూసి చేయడం. ఇన్ని గంటలు నడిచాక నూనె మార్చాలి, ఇన్ని బస్తాలు ఆడాక షెల్లర్ రబ్బర్ రోల్స్ చూడాలి. రోల్ అరిగాక కూడా నడిపిస్తే పొట్టు పోని గింజలు వెనక్కి వస్తాయి, బిగిస్తే నూక పెరుగుతుంది. మెషీన్ ఆగలేదు కాబట్టి అంతా ఖైరియత్ అనుకుంటాం. కానీ ప్రతి బస్తాలో కొంత బియ్యం నూకగా పోతూనే ఉంటుంది. మూడోది, హాలత్ చూసి చేయడం. వేడి, చప్పుడు, అదురు, నూనె రంగు. హకీమ్ నబ్జ్ పట్టుకొని చూసినట్టు.

ఏ మెషీన్‌కు ఏ దారి అని తేల్చడానికి నేను రెండే ప్రశ్నలు అడుగుతాను. ఇది ఆగితే దీంతోపాటు ఏమేం ఆగిపోతాయి? ఇది విరిగితే ఎవరికి తగులుతుంది? మొదటి ప్రశ్న సేటుకు వెంటనే అర్థమవుతుంది. రెండోది అర్థం కావడానికి మా దగ్గర ఒక పిల్లగాడి వేళ్లు పోవాల్సి వచ్చింది.

ఆ మిల్లు పేరు, ఊరు చెప్పను. పిల్లగాడు మా మొహల్లా వాడే. పంతొమ్మిదేళ్లు. అబ్బా లేడు. తనఖాతో ఇద్దరు చెల్లెళ్ల చదువు నడుస్తున్నది. ఎలివేటర్ అడుగు భాగంలో వడ్లు జామ్ అయ్యాయి. స్విచ్ ఆపేసి, కింది తలుపు తీసి, చేయి లోపలికి పెట్టి గింజలు లాగుతున్నాడు. ప్యానెల్ రూము ఇంకో వైపు ఉంది. అక్కడ ఉన్న మనిషికి ఇతను లోపల చేయి పెట్టిన సంగతి తెలియదు. మెషీన్ ఆగి ఉంది కదా అని స్టార్ట్ చేశాడు. బకెట్ల బెల్టు కదలడానికి ఒక్క క్షణం చాలు. కుడి చేతి మూడు వేళ్లు పోయాయి.

నిజామాబాద్‌లో ఆస్పత్రి బయట వాళ్ల అమ్మీ నన్ను అడిగింది. "బేటా, తప్పు మెషీన్‌దా, నా కొడుకుదా?" ఆమెకు మూడో జవాబు ఉంటుందని తెలియదు. "ఇద్దరిదీ కాదు ఖాలా" అన్నాను. జామ్ ఆ రోజే మొదటిసారి కాలేదు. ఆ బూట్ దగ్గర రెండు వారాలుగా రోజుకోసారి జామ్ అవుతున్నది. బెల్టు సాగి జారుతున్నది, కొన్ని బకెట్లు వంకరపోయాయి. బెల్టు బిగించి బకెట్లు మార్చడానికి ఒక పూట చాలు. ఆ పూట ఎవరూ ఇవ్వలేదు. రోజూ చేయి పెట్టి తీయడమే మరమ్మత్ అయిపోయింది. మెషీన్‌కు దేఖ్‌భాల్ లేకపోతే ఆ లోటును మనిషి తన జిస్మ్‌తో పూరిస్తాడు. నాకు ఈ విషయంలో ఇంతకంటే పెద్ద సత్యం తెలియదు.

ఆ తర్వాత ముఆవజా కోసం తిరిగాం. పనిలో దెబ్బ తగిలినవాళ్లకు పరిహారం ఇవ్వాలనే చట్టం మన దేశంలో 1923 నుంచీ ఉంది. కానీ పిల్లగాడి పేరు ఏ హాజరీ రిజిస్టర్‌లోనూ లేదు. పెద్దమనుషుల్లో కూర్చొని తెగ్గొట్టిన మొత్తం వాళ్లకు ఒక ఏడాది ఖర్చుకు వచ్చింది. మూడు వేళ్ల ధర ఒక ఏడాది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో కూడా, మెషీన్ నడుస్తున్నప్పుడు చేయక తప్పని పనులు ప్రత్యేకంగా శిక్షణ పొందిన పెద్దవాళ్లే, ఒంటికి బిగుతుగా ఉన్న బట్టలతోనే చేయాలని స్పష్టంగా రాసి ఉండేది. కాగితం మీద కానూన్ మంచిదే. దాన్ని బూట్ తలుపు దాకా తెచ్చేది మాత్రం మెయింటెనెన్స్ చేసే మనిషే.

గల్ఫ్‌లో నేను చూసింది ఇక్కడ చెప్పాలి. మన దగ్గర లాకౌట్ అంటే ఫ్యాక్టరీ గేటుకు పడే తాళం. ఆ మాట వింటేనే మజ్దూర్ గుండె జారిపోతుంది. అక్కడ లాకౌట్ అంటే వేరే. మెషీన్ దగ్గర పనికి పోయే ప్రతి మనిషికీ ఒక తాళం ఇస్తారు. ముందు కరెంట్ ఆపి, ఆ స్విచ్‌కు తన తాళం వేసి, తన పేరున్న చీటీ వేలాడదీసి, చాబీ తన జేబులో పెట్టుకొని, ఒకసారి స్టార్ట్ బటన్ నొక్కి మెషీన్ లేవడం లేదని చూసుకున్నాకే చేయి పెట్టాలి. ఐదుగురు పని చేస్తే ఐదు తాళాలు. ఆఖరి మనిషి తన తాళం తీసేదాకా మేనేజర్ వచ్చి అరిచినా మెషీన్ లేవదు. ఒకే మాటకు రెండు అర్థాలు. ఒక తాళం మజ్దూర్‌ను బయట పెడుతుంది. ఇంకో తాళం అతన్ని బతికిస్తుంది.

అక్కడివాళ్లు మనకంటే అక్లమంద్ కాదు. మన పిల్లలే అక్కడ ఆ తాళాలు వేస్తారు. అదే పిల్లలు సెలవుకు ఇంటికొచ్చి, ఇక్కడ నడుస్తున్న ఆటా చక్కీ బెల్టును కర్రతో ఎక్కిస్తారు. అక్కడ రూల్ ఉంది కాబట్టి భయం ఉంది. ఇక్కడ హిమ్మత్‌కు పేరు ఉంది కాబట్టి రూల్ లేదు. నడుస్తున్న మెషీన్‌లో చేయి పెట్టినవాణ్ని మనం ఉస్తాద్ అంటాం. ఆపి చేసేవాణ్ని డర్‌పోక్ అంటాం. ఈ అలవాటు మనం మార్చుకోవాలి.

పెద్ద ఫ్యాక్టరీల్లో ఇదే నిర్లక్ష్యం ఊళ్లకు ఊళ్లనే తీసుకుపోయింది. భోపాల్ గురించి చెప్పనవసరం లేదు. 1984 డిసెంబర్ 2 రాత్రి యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి మిక్ గ్యాస్ బయటికొచ్చింది. గ్యాస్ ట్యాంకును చల్లగా ఉంచే యూనిట్‌ను నెలల కిందే ఆపేశారు. లీకైన గ్యాస్‌ను కడిగే స్క్రబ్బర్ పనిలో లేదు. మిగిలిన గ్యాస్‌ను మండించే ఫ్లేర్ టవర్ పైపు మరమ్మత్ కోసం విప్పి ఉంది. మెయింటెనెన్స్ సిబ్బందిని ముందే తగ్గించారు. అర్ధరాత్రి నిద్రలో ఉన్న పాత షహర్ బస్తీలు ఆ గాలి పీల్చాయి. అక్కడ కాపాడే సామానంతా ఉంది. కావాల్సిన రాత్రి ఏదీ పని చేసే స్థితిలో లేదు.

మన విశాఖపట్నంలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్‌లో జరిగింది కూడా ఇంకో పాఠం. లాక్‌డౌన్‌లో ప్లాంట్ ఆగి ఉంది. ట్యాంకులో నిలవ ఉన్న స్టైరీన్ లోలోపల వేడెక్కి ఆవిరై ఆర్.ఆర్. వెంకటాపురం మీద పడింది. పన్నెండు మంది పోయారు. ఆగి ఉన్న ఫ్యాక్టరీకి దేఖ్‌భాల్ అక్కర్లేదనుకుంటాం. ఆగి ఉన్నదానికే ఇంకొంచెం ఎక్కువ కావాలి. నడుస్తున్న మెషీన్ చప్పుడు చేసి తన తక్లీఫ్ చెప్పుకుంటుంది. ఆగిన మెషీన్ చెప్పదు.

చక్కెర తియ్యగా ఉంటుంది కాబట్టి ప్రమాదం లేదనుకుంటే, అమెరికాలో జార్జియా రాష్ట్రం పోర్ట్ వెంట్‌వర్త్‌లో 2008 ఫిబ్రవరి 7న ఇంపీరియల్ షుగర్ ఫ్యాక్టరీ పేలిపోయింది. బాంబు కాదు, చక్కెర పొడి. కన్వేయర్ల చుట్టూ, నేల మీద, దూలాల మీద పేరుకున్న సన్నటి చక్కెర ధూళి గాల్లో లేచి అంటుకుంది. బాగా వేడెక్కిన ఒక బేరింగే నిప్పురవ్వ అయి ఉంటుందని దర్యాప్తు చేసినవాళ్లు తేల్చారు. పద్నాలుగు మంది చనిపోయారు. ఊడవడం కూడా మెయింటెనెన్సే. మన మిల్లుల్లో ఊక దుమ్ము ఊడ్చే అమ్మను ఎవరూ టెక్నీషియన్ అనరు, కానీ ఆమె చేస్తున్నది అగ్నిమాపక పని.

జపాన్ వాళ్లు 1971 నాటికి ఈ విషయంలో ఒక మంచి పద్ధతి తెచ్చారు. నిప్పన్‌డెన్సో అనే కార్ల సామాను కంపెనీలో మొదలై లోకమంతా పాకింది. మెయింటెనెన్స్ అనేది ఒక మిస్త్రీ వచ్చి చేసిపోయేది కాదు, మెషీన్ నడిపే మనిషే రోజూ తుడవాలి, నూనె వేయాలి, నట్టు బిగించాలి, తేడా ఉంటే చెప్పాలి అన్నది దాంట్లో అసలు మాట. నాకు ఇది విన్నప్పుడు కొత్తగా అనిపించలేదు. మా నానా ఎడ్లబండి ఎక్కేముందు ఇరుసుకు కందెన పెట్టుకునేవాడు, చక్రం పట్టా తట్టి చూసేవాడు. బండిని నడిపేవాడే బండిని చూసుకునేవాడు. మెషీన్ వచ్చాక నడిపేవాడు వేరు, చూసేవాడు వేరు అయ్యారు. చూసేవాడికి పిలుపు చెడిపోయాకే వస్తుంది.

నీళ్ల సంగతి కూడా ఇంతే. ఇన్నేళ్ల ఒండ్రు చేరి నిజాంసాగర్‌లో నీళ్లు పట్టే జాగా బాగా తగ్గిపోయింది. కాలువ చివరి పొలాలకు నీళ్లు అందక, గోదావరి నుంచి ఎత్తి పోయడానికి లిఫ్టులు పెట్టాల్సి వచ్చింది. మా మండలంలో ఉమ్మెడ దగ్గర గుత్ప ఎత్తిపోతల పంపులు అందుకోసమే. వాలుతో తనంతట తాను వచ్చే నీళ్లకు బదులు ఇప్పుడు మోటారు, పంపు, స్టార్టర్, కరెంటు, వాటిని చూసే మనుషులు. పొట్టకొచ్చిన వరికి నీళ్లు కావాల్సిన వారంలో పంపు పడుకుంటే, ఆ రైతుకు తర్వాత నెలలో చేసిన మరమ్మత్ ఏ కామ్‌కూ రాదు. దేఖ్‌భాల్‌కు మౌసమ్ ఉంటుంది. అది దాటితే అది పశ్చాత్తాపమే.

ఆ పిల్లగాడి ఘటన తర్వాత నేను ఒక షర్తు పెట్టుకున్నాను. నేను పని ఒప్పుకునే మిల్లులో ప్రతి హెల్పర్‌కూ ఒక తాళం, చాబీ ఉండాలి. మెషీన్ మీద చేయి పెట్టే ముందు ప్యానెల్‌కు ఆ తాళం పడాలి. ఒక రిజిస్టర్ ఉండాలి. సీజన్ ముందు నాకు వారం రోజులు ఇవ్వాలి. ఒక సేటు నవ్వి, "తాళం ఖర్చు నాదే, పెట్టుకో" అన్నాడు. ఇప్పుడు అతని మిల్లులో రిజిస్టర్ అతనే ముందు చూస్తాడు. పోయిన సీజన్‌లో ఏ బెల్టు ఎన్నిసార్లు తెగిందో చూసి, అది ఎందుకు తెగుతున్నదో నన్ను అడుగుతాడు. ఇంకో సేటు మాత్రం, "నీ నఖరాలు నాకు వద్దు భాయ్" అని నన్ను పిలవడం మానేశాడు. ఆయన మిల్లు కూడా నడుస్తూనే ఉంది. దేఖ్‌భాల్ చేయనివాళ్లందరికీ రేపే సజా పడుతుందని నేను చెప్పను. చాలా రోజులు పడదు కాబట్టే ఈ పని ఇంత ముష్కిల్.

శక్కర్‌నగర్ గురించి ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. 2002లో ఆ కంపెనీలో ఎక్కువ వాటా ప్రైవేటు చేతికి పోయింది. బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి, ఈ మూడు యూనిట్లూ 2015 డిసెంబర్‌లో మూతపడ్డాయి. అప్పటినుంచి తెరుస్తాం అనే మాట ప్రతి ఎలక్షన్‌లో వింటున్నాం. కమిటీలు పడ్డాయి, అప్పుల లెక్కలు తేలుస్తున్నారు. తెరవాలని నా దువా కూడా. కానీ ఫిట్టర్ మనవడిగా నాకు ఇంకో ప్రశ్న వస్తుంది. ఇన్ని వానాకాలాలు ఆ ఇనుము మీద కురిశాయి. ఒక్క ఎండాకాలం ఓవర్‌హాల్ లేకపోతేనే సీజన్ ఓడిపోయే ఫ్యాక్టరీకి ఇన్ని ఎండాకాలాలు పోయాయి. బాయిలర్‌కు తుప్పు పడుతుంది, కేబుల్‌కు ఇన్సులేషన్ పోతుంది, షాఫ్ట్ ఒకే పొజిషన్‌లో ఉండి బేరింగ్‌లో గుంట పడుతుంది. కొత్త మెషీన్లు కొనవచ్చు, పైసా ఉంటే దొరుకుతాయి.

మనుషులు? గానుగ చప్పుడు విని ఏ రోలర్ దగ్గర తేడా ఉందో చెప్పేవాళ్లు ఆ చుట్టుపక్కల బస్తీల్లో ఉండేవాళ్లు. వాళ్లలో కొందరు మట్టిలో కలిశారు, కొందరు కూరగాయల బండి పెట్టుకున్నారు, కొందరి కొడుకులు దమ్మామ్‌లో, దోహాలో వేరేవాళ్ల మెషీన్లు చూస్తున్నారు. హునర్‌కు కూడా దేఖ్‌భాల్ కావాలి. ఉస్తాద్ చేతి నుంచి షాగిర్ద్ చేతికి పోతుంటేనే అది బతుకుతుంది. పదేళ్లు పోకపోతే అది కూడా తుప్పు పడుతుంది. చెరకు వేయడం రైతు మానేశాడు. గానుగ వినడం ఫిట్టర్ మర్చిపోయాడు. ఫ్యాక్టరీ తెరవడమంటే ఈ రెండింటినీ మళ్లీ నేర్పించడం. అది రిబ్బన్ కట్ చేసినంత సులువు కాదు.

మన పెద్దవాళ్లు అమానత్ అనే మాట వాడేవాళ్లు. ఎవరో నమ్మి మన దగ్గర పెట్టింది, మళ్లీ తిరిగి అంతే బాగా ఇవ్వాల్సింది. మెషీన్ కూడా అట్లాంటిదే. మనం దాని మాలిక్‌లం కాకపోవచ్చు, నెల తనఖా మీద ఉన్న హెల్పర్ కావచ్చు. అయినా మన షిఫ్ట్ అయిపోయాక ఇంకో మనిషి వచ్చి దాని ముందు నిలబడతాడు. వదులుగా ఉన్న గార్డు గురించి మనం చెప్పిపోతే అతని చేయి బాగుంటుంది. దాదా బయాజ్ రాసింది తన కోసం కాదు, తర్వాతి షిఫ్ట్ కోసం.

మీ ఇంట్లో మెకానిక్ పనికి పోయే పిల్లవాడు ఉంటే, రాత్రి ఖానా దగ్గర తనఖా ఎంత అని అడిగే ముందు నాలుగు మాటలు అడగండి. నీ పేరు రిజిస్టర్‌లో ఉందా? చేయి పెట్టే ముందు మెషీన్ ఆపుతారా, ఆపితే తాళం వేస్తారా? చాబీ ఎవరి జేబులో ఉంటుంది? ఈ రోజు నువ్వు చూసిన తేడా ఎక్కడైనా రాశావా? ఆ నాలుగింటికీ జవాబు లేకపోతే, మరుసటి రోజు మొహల్లా పెద్దలు ఇద్దరు మిల్లుకు పోయి సేటుతో కూర్చోవాలి. ఘటన జరిగాక ముఆవజా కోసం ఎట్లాగూ పోతాం. అదే మనుషులు, అదే కుర్సీలు. ఒక్క వారం ముందు పోతే చాలు.